మూగ కోడలు

రొట్టె కొనుక్కొస్తానని గజనీలో దిగిన మేనమామ గంటయినా తిరిగి రాలేదు.

బసీరా మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ మోగి ఆగింది. నాలుగోసారి అతని ఫోన్ ఆపేసి ఉంది.

ఆమెకు అర్థమైంది. సరిహద్దు దాకా తోడుంటానని అమ్మ ముందు ఒట్టేసిన మనిషి, సగం దారిలో జారుకున్నాడు.

"మామయ్య రాడు. పోనివ్వన్నా," అంది వచ్చీరాని పష్తో భాషలో. కాబూల్‌లో బండెక్కాక ఆమె నోరు తెరవడం అదే మొదలు.

డ్రైవర్ తోర్‌గుల్ అద్దంలో చూశాడు.

"మగతోడు లేకుండానా? దారిలో తుపాకీవాళ్ళు మిమ్మల్ని దింపేస్తారు చెల్లెమ్మా. నా బండి లాక్కుంటారు."

"దిగమంటే దిగుతాను. ఇక్కడ మాత్రం ఉండలేను."

పక్కన కూర్చున్న ముసలావిడ చేతిలో జపమాల ఆగింది. ఆవిడ వార్దక్‌లో ఎక్కింది, చెవిటి తమ్ముడితో. ఆయన ముందు సీట్లో కునుకుతున్నాడు.

ఆవిడ బసీరా వైపు తిరిగింది. ఇద్దరి మధ్యా రెండు బురఖాలు. కళ్ళు కనపడవు.

"మళ్ళీ అను," అంది.

"ఏంటవ్వా?"

 ఆవిడ జపమాలను పిడికిట్లో ముడిచి, డ్రైవర్ సీటు మీద తట్టింది.

"పోనీ తోర్‌గుల్. ఈ పిల్ల నా కోడలు."

"నీ కోడలు ఇంటి దగ్గర రొట్టెలు కాలుస్తోంది కదా."

"ఇవాళ్టికి ఇదే. నువ్వు బండి తోలు."

బండి కదిలింది. ముసలావిడ తన మూట తీసి బసీరా ఒళ్ళో పడేసింది.

"నువ్వు మూగదానివి. తెలిసిందా? దగ్గొచ్చినా మింగు."

బసీరా తలూపింది.

"ఏమిటా కూర్చోవడం, తుపాకీ పట్టుకున్నట్టు? కోడలంటే వంగి కూర్చుంటుంది."

బసీరా చటుక్కున వంగింది. ఈవిడకెలా తెలుసు?

ఆమె పావడా అంచులో ఒక కాగితం కుట్టి ఉంది. సైన్యంలో మూడేళ్ళు పనిచేసిందని రాసిన కాగితం. సరిహద్దు దాటాక అది చూపితేనే ఎక్కడైనా చోటిస్తారు. ఇటువైపు దొరికితే ప్రాణం పోతుంది.

ముకుర్ ఊరు దాటగానే రోడ్డుకు అడ్డంగా గొలుసు. ఇద్దరు తుపాకీ మనుషులు. కుర్చీలో గడ్డం నెరిసిన పెద్ద.

"ఎవరు వీళ్ళు?" ఒకడు లోపలికి వంగాడు.

"వాడు నా తమ్ముడు, చెవుడు. ఇది నా కోడలు, మూగది."

వాడు నవ్వాడు. "ఒకరికి వినపడదు, ఒకరు మాట్లాడరు. ఇంట్లో మాటలన్నీ నీవేనన్నమాట."

"అందుకే నా గొంతు ఇలా అరిగిపోయింది నాయనా."

వాడు గొలుసు దింపబోయాడు. కుర్చీలో ఉన్న పెద్ద చెయ్యెత్తాడు.

"ఆగు. పాత సైన్యంలో పనిచేసినది ఒకతె ఈ దారిన పోతోందని గజనీ నుంచి కబురొచ్చింది. కోడలు దిగాలి. గదిలో ఆడమనిషి ఉంది, సోదా చేస్తుంది."

మామయ్య పట్టుబడ్డాడా? లేక తనే చెప్పేశాడా?

బసీరా తలుపు మీద చెయ్యి వేసింది. ముసలావిడ ఆ చెయ్యి లాగి పడేసి, తానే దిగింది. తోర్‌గుల్ కాగితాలు పట్టుకుని వెంట వెళ్ళాడు.

ఆవిడ పెద్దకు దగ్గరగా నిలబడి ఏదో చెప్పింది. ఒకసారి బండి వైపు వేలు చూపించింది.

అప్పజెప్పేస్తోంది, అనుకుంది బసీరా. పావడా అంచు పిడికిట్లో బిగించింది. దిగి పరిగెడదామంటే చుట్టూ చెట్టన్నది లేదు.

పెద్ద కుర్చీలోంచి లేచాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. బండి దాకా వచ్చి, లోపలికి చూడకుండా ఆవిడ కోసం తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"తప్పయింది తల్లీ. మీ ఇంటి కోడల్ని దిగమన్నాను. క్షేమంగా వెళ్ళండి."

గొలుసు దిగింది.

చెక్‌పోస్టు కనుమరుగయ్యాక బసీరా మెల్లగా అడిగింది. "ఏం చెప్పావవ్వా?"

"మాట్లాడొద్దన్నానా?"

బండి కలాత్ చేరింది. అక్కడ ముసలావిడ తన కూతురింటికి వెళ్ళే సందు మొదట్లో తమ్ముణ్ణి లేపి దిగింది. బసీరా ఆవిడ చేతిని ముద్దు పెట్టుకోబోయింది.

ఆవిడ విసురుగా వెనక్కి లాక్కుంది. "ముట్టుకోకు నన్ను."

తమ్ముడి భుజం పట్టుకుని సందులోకి నడిచిపోయింది. వెనక్కి చూడలేదు.

"కందహార్ దాకా ఇక మీరు నా చెల్లెలు," అన్నాడు తోర్‌గుల్ బండి తీస్తూ.

"అంత సాయం చేసి, ఆవిడకి నా మీద ఎందుకన్నా అంత అసహ్యం?"

అతను అద్దంలో వెనక రోడ్డు ఖాళీగా ఉందో లేదో చూసుకున్నాడు. 

"'నేను షమల్ ఖాన్ తల్లిని, బండిలో ఉన్నది అతని భార్య' అని చెప్పింది వాళ్ళ పెద్దకి. ఆ పేరు వింటే వీళ్ళు లేచి నిలబడతారు."

"ఎవరతను?"

"మా లోయలో ఈ తుపాకీవాళ్ళ నాయకుడు. నాలుగేళ్ళ కిందట పాత సైన్యం వాళ్ళు ఇంటి మీద పడి అతణ్ణి వాకిట్లోనే కాల్చేశారు. ఆడవాళ్ళందరినీ ఒక గదిలో పెట్టి, గుమ్మంలో ఒక సైనికురాలిని నిలబెట్టారట. ముఖానికి గుడ్డ కట్టుకుందట. 'భయపడకవ్వా, నీ మీద ఎవరి చెయ్యీ పడనివ్వను' అందట, వచ్చీరాని పష్తోలో."

బసీరాకు ఆ గుమ్మం గుర్తుంది. గదిలో ఏడవకుండా కూర్చున్న ముసలామె కూడా.

"ఆ గొంతు వెయ్యి మందిలో ఉన్నా పోల్చుకుంటానని ఊళ్ళో అందరికీ చెప్పేది," అన్నాడు తోర్‌గుల్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "పోల్చుకున్నాక ఏం చేస్తావని అడిగితే మాత్రం, ఇన్నేళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు."