ఓక్ చెట్టు కింది చోటు

కారు కొండ ఎక్కగానే వెర్నన్ గట్టిగా బ్రేకు వేశాడు.

వాళ్ళ చోట్లో ఎవరిదో ఎర్ర టెంటు ఉంది.

"ఇదేంటి! మన చోట్లో ఎవరో దిగారే!" అంది అతని భార్య ఆర్డిత్.

"దిగినవాళ్ళు లేవలేరా ఏంటి," అంటూ వెర్నన్ కారు దిగాడు.

వెనక సీట్లోంచి ఆర్డిత్ తల్లి హుల్డా ఓక్ చెట్టు వైపు చూసింది. ఆమెకు ఎనభై ఆరేళ్ళు. నాలుగడుగులు వేస్తే ఊపిరి అందదు. ఆ ఓక్ చెట్టు కింద కుర్చీ వేస్తే మాత్రం, కింద పశువుల పోటీలు జరిగే బరి మొత్తం కళ్ళ ముందుంటుంది. స్టేట్ ఫెయిర్ అనే ఈ రైతుల జాతర మొత్తంలో ఆమె కూర్చుని చూడగలిగిన చోటు అదొక్కటే.

రేపు పదింటికి మనవరాలు మార్లిస్ తాను పెంచిన పెయ్యను ఆ బరిలో నడిపిస్తుంది.

"అదొక్కటి చూస్తే చాలే నాకు," అని హుల్డా దారి పొడుగునా అంటూనే ఉంది.

ఎర్ర టెంటులోంచి ఒక కుర్రజంట బయటికి వచ్చింది.

"ఈ చోటు మాకిచ్చారండీ," అన్నాడు అబ్బాయి.

"ఎవరిచ్చారు? పన్నెండేళ్ళుగా ఇక్కడ మేకులు కొడుతున్నది నేను!"

"ఆఫీసులో అడగండి సార్. మాకేం తెలుసు?"

వెర్నన్ అన్నది అబద్ధం కాదు. 1960 నుంచి ఏటా ఆగస్టులో, పాలు పితికే పని తమ్ముడికి అప్పజెప్పి, అతను కుటుంబంతో ఫెయిర్‌కి వచ్చేవాడు. గేటు దగ్గర కారుకు చీటీ తీసుకుంటే, కొండ మీద ఖాళీ ఉన్నచోట టెంటు వేసుకోవచ్చని వాళ్ళ నమ్మకం. ఎంత ఆలస్యంగా వచ్చినా ఓక్ చెట్టు కింద ఖాళీగానే ఉండేది.

"అది మనదని కొండంతా తెలుసు," అనేవాడు వెర్నన్ గర్వంగా.

ఆ రోజులే వేరు. చేతిలో వెన్న కారుతున్న మొక్కజొన్న పొత్తు, చెవిలో జెయింట్ వీల్ పాట, గాలి తిరిగితే గడ్డివాసన. మార్లిస్ అక్కడే నడక నేర్చింది. హుల్డా కుర్చీలోంచే ప్రతి ఆవుకూ వంక పెట్టేది, ప్రతి ఆవుకూ చప్పట్లు కొట్టేది.

పక్కనే వాలులో ఓటో అనే ముసలాయన టెంటు ఉండేది. పొడుగ్గా, ఎండిన కర్రలా ఉండేవాడు. పెళ్ళీ పిల్లలూ లేరు. ఆ వాలులో నీడ లేదు, అక్కణ్ణుంచి బరి కనపడదు. ఒక ఏడు వాన పడితే నీళ్ళు ఆయన మంచం కిందనుంచే పారాయి. పొద్దున చూస్తే బూట్లు మెడలో వేసుకుని, బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఇంత కొండ పెట్టుకుని కాలువలో కాపురమేంటి మహానుభావా!" అని వెర్నన్ పగలబడి నవ్వాడు.

"చల్లగా ఉంటుందిలే," అన్నాడు ఓటో.

ఏటా ఒకసారి టోపీ పెట్టుకున్న ఉద్యోగి ఒకడు పుస్తకం పట్టుకుని టెంట్లన్నీ తిరిగేవాడు. అతను ఓక్ చెట్టు వైపు రాగానే ఓటో గబగబా ఎదురెళ్ళి, పక్కకు తీసుకెళ్ళి ఏదో చెప్పేవాడు. ఉద్యోగి వీళ్ళ వైపు చూసి, తలూపి వెళ్ళిపోయేవాడు.

"చూశావా, మన మీద చాడీలు!" అనేవాడు వెర్నన్.

"ఆయన జోలికి పోకు అల్లుడూ," అనేది హుల్డా. పీచ్ పండ్లతో చేసిన తీపి రొట్టె ముక్క కోసి మార్లిస్ చేత పంపేది. ఆయన ప్లేటు కడిగి తిరిగి పంపేవాడు.

"తాతా, నీకు ఇక్కణ్ణుంచి ఆవులు కనపడవుగా. మరి ఫెయిర్‌కి ఎందుకొస్తావ్?" అని మార్లిస్ ఓసారి అడిగింది.

"మీ అమ్మమ్మ చప్పట్లు వినడానికి," అన్నాడు ఓటో.

ఈ ఏడు ఆ వాలులో టెంటు లేదు. వెర్నన్ అది గమనించే స్థితిలో లేడు. విసురుగా ఆఫీసుకు నడిచాడు.

"కొండ మీద ఓక్ చెట్టు కింది చోటు మాది. వేరేవాళ్ళకి ఎలా ఇచ్చారు?"

కిటికీ వెనక ఉన్నావిడ అద్దాలు సరిచేసుకుంది.

"పేరు?"

"వెర్నన్ హూక్‌స్ట్రా."

ఆవిడ పుస్తకం వెతికింది. పాత పుస్తకాలూ తీసింది.

"మీ పేరు ఈ ఏడే కాదు, ఏ ఏడూ లేదండీ."

"పన్నెండేళ్ళమ్మా! కళ్ళు పెట్టి చూడండి!"

"మీరే చూసుకోండి," అని ఆవిడ పుస్తకాన్ని అతని వైపు తిప్పింది.

వెర్నన్ చదివాడు. ఒక పేజీ, ఇంకో పేజీ. పన్నెండో పేజీ దగ్గర టోపీ తీసేశాడు.

"మరి... పక్కన ఆ వాలుకు నంబరెంత?"

"అది వాననీళ్ళు పోయే దారండీ. దానికి నంబరెక్కడిది?"

వెర్నన్ టోపీ చేత్తో పట్టుకునే ఎర్ర టెంటు దగ్గరికి వెళ్ళాడు. ఈసారి గొంతు లేవలేదు.

"మా అత్తగారు పెద్దావిడ బాబూ. రేపు ఒక్క గంట ఆమె కుర్చీ ఇక్కడ వేసుకోనిస్తారా?"

"అయ్యో, దానికేముందండీ! రోజంతా కూర్చోమనండి," అంది ఆ అమ్మాయి.

మర్నాడు పదింటికి మార్లిస్ పెయ్యతో బరిలోకి వచ్చింది. పెయ్య ఒక్కసారి మొరాయించింది. మార్లిస్ దాని మెడ నిమిరి, చెవిలో ఏదో చెప్పి నడిపించింది. మూడో బహుమతి వచ్చింది. హుల్డా కళ్ళు తుడుచుకుని, పక్కనున్న వాలు వైపు తిరిగింది.

"ఓటో రాలేదేం అల్లుడూ ఈసారి?"

వెర్నన్ ఆమె కుర్చీ పక్కన గడ్డిలో కూర్చున్నాడు.

"మార్చిలో పోయాడని ఆఫీసులో చెప్పారు అత్తయ్యా... ఈ పన్నెండేళ్ళూ మనం ఉన్న ఈ చోటు ఆయనదే."