దండ వేసిన సైకిల్

సీతారామరావు గారికి నమస్కారం.

మీ సైకిల్ క్లబ్బు ఆహ్వానం ఇవాళే అందింది కాబట్టి వెంటనే రాయక తప్పలేదు.

మొన్న మీ క్లబ్బు డిమ్నా చెరువు యాత్రకు అందరూ గేరు సైకిళ్లు తెచ్చారు. నేను నాన్న డ్యూటీ సైకిల్ తెచ్చాను. మీ సైకిళ్లకు క్యారియర్లు లేవు కనుక అందరి టిఫిన్ డబ్బాలూ నా వెనకే కట్టారు. రోజంతా తొక్కి, అందరికన్నా చివర బిష్టుపూర్‌లోని మీ క్లబ్బుకు చేరాను.

అక్కడ మీరు నాన్న సైకిల్‌కు దండ వేశారు. "ఇది కార్మికుల వారసత్వం, క్లబ్బులోనే ఉండాలి" అని అద్దాల గదిలో పెట్టి తాళం వేశారు. చప్పట్లలో నా మాట మీకు వినపడినట్టు లేదు.

"సైకిలేదమ్మా?" అని ఇంట్లో నాన్న అడిగాడు.

"సన్మానం చేశారు నాన్నా."

"చేత్తే చేసారు గానీ, రేపు డ్యూటీకి ఏటెక్కి ఎళ్లాల?"

అప్పటినుంచి భుయ్యాడీహ్‌లోని మా ఇంటి నుంచి కార్ఖానాకు నడిచే వెళ్తున్నాడు.

ఇప్పుడు మీరు ఆయన్ను క్లబ్బు సభకు ముఖ్య అతిథిగా పిలిచారు. 'సైకిల్‌పై డ్యూటీకి వెళ్లడంలోని ఆనందం' గురించి మాట్లాడాలట. అతిథులు కూడా సొంత సైకిల్ మీదే రావాలట.

తాళం తీస్తారా, లేక నాన్ననే ఆ గదిలోకి వచ్చి సైకిల్ పక్కన నిలబడమంటారా? సభ పన్నెండో తారీఖున కనుక ఆలోగా జవాబు రాయగలరు.

దేవి