అటువైపు చెయ్యి

నమూనాలాయన మైనం ముద్ద మీద దారం లాగుతున్నాడు.

మైనం పట్టిన దారానికి నూగు ఉండదు. అలా తయారైనవి కిటికీ ఊచకు వరసగా వేలాడుతున్నాయి.

తలుపు చప్పుడైంది.

గుమ్మంలో పాతికేళ్ల అమ్మాయి. భుజాన గుడ్డ సంచి, మొహం నిండా ప్రయాణపు బడలిక.

"దారాల కొట్టాయన పంపిన మనిషివేనా? ఇప్పుడా రావడం?"

"కాదండీ, మీతో ఒక మాట చెప్పాలని..."

"మాటలకేం, సాయంత్రం దాకా చెప్పుకోవచ్చు. ముందు చేతులు కడుక్కునిరా."

 ఆమె ఆయన భుజం మీదుగా బల్ల వైపు చూసింది. తర్వాత సంచి మూలన పెట్టి కుళాయి దగ్గరికి నడిచింది.

బల్ల మీద గాలి ఓడ నమూనా ఉంది. బారెడు పొడవు, సొరకాయ ఆకారం. దాని పొట్ట కింద అరచేతిలో పట్టేంత గది ఒకటి దారాల మీద వేలాడాలి.

ఆ దారాలు ఒంటి మనిషి బిగించేవి కావు. ఇటు ఒకరు, అటు ఒకరు కూర్చుని ఒకే క్షణంలో, ఒకే బలంతో లాగాలి. ఎవరు వెంట్రుకవాసి ఎక్కువ లాగినా ఓడ నడుం వంకర పోతుంది.

"రేపు పొద్దున్నే మ్యూజియం వాళ్లొస్తారు. అప్పటికి పూర్తి కాకపోతే నా పేరు మట్టిలో కలిసినట్టే. నీకు ముందు ముగ్గురొచ్చారు. ముగ్గురూ పారిపోయారు."

"ఎందుకండీ?"

"నా నోరు మంచిది కాదట."

"అట ఏమిటి? వీధి వీధంతా సాక్ష్యం," అంది లోపల్నుంచి ఆయన భార్య.

ఆయన అమ్మాయిని బల్లకి అటువైపు కూర్చోబెట్టాడు. "నేను ఊఁ అనగానే లాగు. ఊఁ."

దారం బిగిసింది. ఓడ ఇసుమంతైనా కదల్లేదు.

ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని ఆమెను చూశాడు. రెండో జత కట్టారు. మూడో జత కట్టారు. ఆయన వేలు ఎంత వంగితే ఆమె వేలు అంతే వంగుతోంది. అటువైపు ఇలాంటి చెయ్యి లేక చాలా కాలమైంది.

"ఎక్కడ నేర్చావమ్మాయ్?"

"ఇంట్లోనండీ."

"మీ ఇంట్లోనూ ఓడలు ఎగురుతాయా?"

ఆమె తల వంచి తర్వాతి దారం అందుకుంది.

భార్య టీ తెచ్చింది. బల్ల వైపు చూసి నిలబడిపోయింది.

"వాడు అటు కూర్చున్నప్పుడు కూడా ఇంతే. పని చిటికెలో..."

"నోర్ముయ్."

గ్లాసులు పెట్టి ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ఆయన కోపం మాత్రం చల్లారలేదు.

"నాకో కొడుకు ఏడ్చాడులే. నా విద్యంతా వాడి చేతుల్లో పోశాను. ఎవత్తో నవ్వితే పలుపు తెంచుకుని పోయాడు."

"మళ్లీ... రాలేదాండీ?"

"ఒకసారి వచ్చాడు. నేను తలుపు తియ్యలేదు." ఆయన గొంతు కాస్త తగ్గింది. "మళ్లీ వస్తే తీస్తానేమో. కన్నవాణ్ణి కదా. ఆ మాయలాడి మాత్రం ఈ గడప తొక్కిందా, కాళ్లు విరగ్గొడతాను."

ఆమె వేళ్ల మధ్య దారం జారింది. ఓడ ఒక పక్కకు ఒరిగింది.

"కళ్లు నెత్తికెక్కాయా? కట్టిందంతా పోయేది!"

"తప్పైపోయిందండీ. మళ్లీ లాగుతాను."

మధ్యాహ్నం భార్య ఆ అమ్మాయిని వంటింట్లోకి అన్నానికి పిలిచింది. ఎంతసేపటికీ ఇద్దరూ బయటికి రాలేదు. లోపల గిన్నె పడిన చప్పుడైంది.

"ఏం పగలగొట్టావే?"

ఆయన ఇంకో దారానికి మైనం పట్టించి మళ్లీ కేకేశాడు.

"అన్నం తింటున్నారా, పొలం దున్నుతున్నారా? రేపటికి ఓడెవరు కడతారు, మీ తాతా?"

ఆమె వచ్చి తన చోట కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది?"

"కారం పడిందండీ. మీరు ఊఁ అనండి."

ఆ పూటంతా ఆయన ఊఁ అంటూనే ఉన్నాడు, ఆమె లాగుతూనే ఉంది.

పొద్దు వాలేసరికి ఆఖరి జత ముడిపడింది. ఆయన ఊపిరి బిగబట్టి ఓడ కింది గది నేల మీద ఆవగింజ ఒకటి పెట్టాడు. అది దొర్లలేదు.

"శభాష్! రేపట్నుంచి రోజూ రా. ఏదీ దాచుకోకుండా నేర్పుతాను."

 ఆమె చేతులు తుడుచుకుని సంచి తీసుకుంది. ఆయన ముఖంలోకి ఒకసారి చూసి మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆయన ఇంకా ఓడ చుట్టూ తిరుగుతుండగానే మళ్లీ తలుపు చప్పుడైంది. ఈసారి నడివయసు మనిషి, ఆయాసపడుతూ నిలబడింది.

"దారాల కొట్టాయన మరదల్నండీ. పొద్దున్నే రావాల్సింది, పిల్లకి జ్వరం. కోప్పడకండి."

నమూనాలాయన ఆమెను ఎగాదిగా చూశాడు. లోపలికి తిరిగి కేకేశాడు.

"ఏమే, మరి పొద్దుట్నుంచీ నా ఎదురుగా కూర్చున్నదెవరే?"

భార్య బయటికొచ్చింది. బట్టలు మార్చుకుంది, చేతిలో సంచి ఉంది.

"మీ కోడలు."

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు.

"పెద్ద మేడకి రంగులేస్తుంటే తాడు తెగిందట. పోయిన వారమే పోయాడండీ మన వాడు. ఆ కబురు మోసుకొచ్చింది. బస్టాండులో నా కోసం చూస్తోంది."

"మధ్యాహ్నమే... నాకెందుకు చెప్పలేదే?"

"అరవబోయాను. ఆ పిల్లే నా నోరు మూసింది. ఈ మాట వింటే మామయ్య చేతులు ఇక దారం పట్టలేవు, ముందు ఓడ పూర్తి కానివ్వండి అత్తయ్యా అంది."

ఆవిడ చెప్పులు వేసుకుని, రమ్మని గానీ ఉండమని గానీ ఒక్క మాట అనకుండా, గడప దాటి వెళ్లిపోయింది.