రణహేల పక్కన ఒక ఫొటో

“ఎవరి వేషమమ్మా అది?”

కీర్తిప్రియ కళ్లు తెరవలేదు. తెరిస్తే కాటుక చెదురుతుంది.

“దీన్ని కాస్‌ప్లే అంటారు మామ్మా,” బ్రష్ ఆపకుండానే చెప్పింది మేకప్ వేస్తున్న స్నేహితురాలు షీబా. “పుస్తకాల్లో బొమ్మల్లా తయారై ఫొటోలు తీయించుకోవడం.”

ఆగిరిపల్లి దగ్గర ఆ మామిడితోట షీబా మేనమామది. కోతలు జోరుగా సాగుతున్నాయి. కాయలు ఏరుతున్న ఆడవాళ్లలోంచి ఓ పెద్దావిడ లేచి వచ్చి వాళ్ల ముందు నిలబడింది.

ఈ ఒక్క ఉదయం కోసం కీర్తిప్రియ నాలుగు నెలలు కష్టపడింది. ఫోమ్ షీట్లు కత్తిరించి, వేడి చేసి వంచి కవచం తయారుచేసుకుంది. పీవీసీ పైపుతో ఈటె చేసుకుంది. ఎండకి కారిపోని మేకప్ ఏదో తేల్చుకోవడానికి మొహానికి రంగులు పూసుకుని మూడు మధ్యాహ్నాలు డాబా మీద కూర్చుంది. ఏ చెట్టు కింద ఎలా నిలబడాలో కాగితం మీద గీసి పెట్టుకుంది.

ఆమె వేసుకున్నది రణహేల వేషం. నలభై ఏళ్ల కిందట ఓ వారపత్రికలో వచ్చిన బొమ్మల సీరియల్‌లో వీరనారి రణహేల. కీర్తిప్రియ నాన్న చిన్నప్పుడు ఆ పేజీలన్నీ దాచి బైండు చేయించుకున్నాడు. కూతురికి చదవడం నేర్పింది ఆ బైండుతోనే.

వచ్చే ఆదివారం ఆయన సంవత్సరీకం. ఆ రోజుకి ఆయన ఫొటో పక్కన రణహేలగా తన ఫొటో ఉండాలి. అదీ ఆమె పట్టుదల.

కళ్లు తెరిచేసరికి పెద్దావిడ ఆమె కవచంకేసే చూస్తోంది.

“రణహేల కదూ?”

“మీకెలా తెలుసు? చదివారా?”

“నాకు చదువెక్కడిదమ్మా. బొమ్మలు చూశాను.”

ఫొటోగ్రాఫర్ రవికిరణ్ తొందరపెట్టాడు. “ఎండ నడినెత్తి మీదకొస్తే మొహం అంతా నీడలే. రండి.”

కీర్తిప్రియ రసాల చెట్టు కింద కాళ్లు ఎడంగా పెట్టి, ఈటె బిగించి పట్టుకుని, కెమెరాలోకి కోపంగా చూసింది.

రవికిరణ్ పది ఫొటోలు తీసి పెదవి విరిచాడు. “ఏదో తేడాగా ఉంది.”

ఆమె కాగితం చూసుకుంది. అన్నీ గీసుకున్నట్టే ఉన్నాయి.

“అంత గట్టిగా పట్టకమ్మా, భుజం లాగేస్తది,” వెనక నుంచి పెద్దావిడ అంది. “బరువంతా ఎడం కాలి మీద వెయ్యి. గడ్డం ఎత్తు. చూపు కొమ్మల్లోకి పోవాలి.”

“మాకు తెలుసండీ మామ్మగారూ,” అంది కీర్తిప్రియ. “కొంచెం పక్కకి జరగండి, ఫొటోలోకి వస్తున్నారు.”

ఆవిడ జరిగింది.

ఇంకో ఇరవై తీశారు. ఒక్కటీ కుదరలేదు. చెమట కారి కాటుక అంచులు తడుస్తున్నాయి. చివరికి విసుగొచ్చి కీర్తిప్రియ ఆవిడ చెప్పినట్టే నిలబడింది.

రవికిరణ్ ఒక్కసారే నొక్కాడు.

“ఇదే,” అన్నాడు.

సామాను సర్దుకుంటుంటే పెద్దావిడ మళ్లీ వచ్చింది. ఈసారి మొహం కడుక్కుని, జుట్టు దువ్వి ముడేసుకుని వచ్చింది.

“అమ్మా, నీ పక్కన నన్నో ఫొటో తీయించవా?”

విగ్గు కింద నెత్తంతా దురద. కవచం ఓ పక్క ఊడి వేలాడుతోంది.

“ఇప్పుడొద్దండీ. మేకప్ అంతా పోయింది. ఇంకోసారి వచ్చినప్పుడు తీయిస్తాను.”

“నీకో మాట చెబుదామనీ...”

“అదీ అప్పుడే చెబుదురుగాని.”

“సర్లేమ్మా,” అని ఆవిడ కాయల రాశి దగ్గరికి వెళ్లిపోయింది.

పేరైనా ఎవరూ అడగలేదు.

ఆదివారం నాన్న ఫొటో పక్కన రణహేల నిలబడింది. అమ్మ చాలాసేపు చూసింది.

“మీ నాన్న చూసుంటే అచ్చం ఆ బైండులోంచి లేచొచ్చినట్టుందే అనేవారు,” అని కొంగు కళ్లకి అద్దుకుంది.

అలా నిలబడడం తనకి నేర్పింది ఎవరో కీర్తిప్రియకి తెలుసు.

మరో రెండు వారాలకి, కోతలు ముగిసేలోగా, మళ్లీ తోటకి వెళ్లింది. ఈసారి ఆవిడని ఎదురుచూసేలా చేయకూడదని, నూజివీడులో ఇంటి దగ్గరే పూర్తిగా తయారై, కవచం తొడుక్కుని, రవికిరణ్‌ని వెంటబెట్టుకుని కార్లో వెళ్లింది.

“ఆ పెద్దావిడ ఏరండీ? ఎలా నిలబడాలో నాకు చెప్పారే.”

కాయలు ఏరుతున్న ఆడవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు.

“ఇన్నమ్మ గురించా? పోయిన మంగళారం పోయిందమ్మా. వడదెబ్బ. అదిగో, ఆ చివరిల్లు. తమ్ముడు పరదేశి ఉన్నాడు.”

చావు జరిగిన ఇంటికి ఆ వేషంతో వెళ్లడానికి ఆమెకి కాళ్లు రాలేదు. వెళ్లకుండా తిరిగిపోవడానికీ రాలేదు.

వసారాలో కూర్చున్న పరదేశి ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు.

“ఆవిడ నన్ను ఫొటో అడిగారండీ,” అంది కీర్తిప్రియ. “నేను తీయించలేదు. నాదే తప్పు.”

“చెప్పిందమ్మా. నీ మీద కోపమేం లేదు. ఆ పిల్ల చక్కగా నిలబడిందిరా అని ఆ రాత్రి అన్నం తినేదాకా అదే మాట.” అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు. “సమాధి మీద పెడదామంటే ఒక్క ఫొటో దొరకలా. ఆధార్ కార్డులో మొహమే తెలవట్లేదు.”

కీర్తిప్రియ కాటుక చెంపల మీదకి జారింది. ఆమె తుడుచుకోలేదు.

“ఆవిడకి రణహేల ఎలా తెలుసండీ?”

పరదేశి ఆమెని తల నుంచి పాదాల దాకా ఓసారి చూశాడు.

“మా అక్కకి ఇరవయ్యేళ్లప్పుడు, పత్రికలకి బొమ్మలేసే ఆయనొకాయన ఎండాకాలమంతా ఈ తోటలో మకాం పెట్టాడమ్మా,” అన్నాడు నెమ్మదిగా. “రోజూ పొద్దున్నే మా అక్క చేతికో గెడ ఇచ్చి, చెట్టు కింద నిలబెట్టి, చూసి గీసుకునేవాడు. నువ్వేసుకున్న ఈ రణహేల మా అక్కేనమ్మా.”