పుట్టెంట్రుకలు

"తాతది ఏ ఊరో చెప్పు పెదనాయనా. వినేసి పోతా," అన్నాడు జానకిరామన్, గడప బయటే నిలబడి.

మగ్గం గుంటలో కూర్చున్న జయరాములు దారపు నాడె ఆడించడం ఆపలేదు. జానకిరామన్ నాన్న బతికున్నన్నాళ్ళూ తన అన్న ఇంటి గడప తొక్కలేదు. ఎందుకో కొడుక్కి ఎవరూ చెప్పలేదు.

"ఇన్నాళ్ళూ లేని అవసరం ఇప్పుడేం వచ్చిండాది?"

"చిత్తూరు ఆంధ్రాలోకి పోయింది కదా, మనం మద్రాసు పక్కే మిగిలినాం. ఆ పక్క ఉద్యోగానికి సొంతూరు అడుగుతుండారు. వేలూరు కచేరీలో వెతికితే తాత పేరుగలోళ్ళు ఊరికి పదిమంది ఉండారు."

"పేరు పట్టుకుంటే ఊరు యాడ దొరుకుతాది? పుట్టెంట్రుకలు యాడ ఇచ్చినారో అడగాల. మన వంశంలో బిడ్డ యాడ పుట్టినా, మొదటి వెంట్రుకలు పాత ఊరి అమ్మోరికే."

"నాకు తిరుత్తణిలో తీసినారని నాన్న చెప్పినాడు."

"అది రెండోసారి." నాడె ఆగింది. "ఊరు ఇడిపించిన కరువులో కాపాడని అమ్మోరికి వెంట్రుకలెందుకని మీ నాయన మొండికేసినాడు. నేను చెప్పకుండా నిన్ను ఎత్తుకుపోయినా. పలమనేరు అవతల ఎల్లంపల్లె. నీ గుండు చూసి నన్ను కొట్టినాడు. మళ్ళీ మాట్లాడలేదు."

"నేను నమ్మను."

ముసలాయన బొటనవేలు చాపాడు. గోటి కింద పాత గాటు. "మంగలి కత్తికి బెదిరి నువ్వు కొరికింది. నా ఒళ్ళోనే కూర్చుండావు. ఊరు చెప్పేసినా, ఇంక పో."

జానకిరామన్ కదల్లేదు.

"నీ కొడుక్కి తీయించినావా?"

"ఇంకా లేదు."

జయరాములు మళ్ళీ నాడె విసిరాడు. "నువ్వే తెస్తావా, నేనొచ్చి ఎత్తుకుపోవాలా?"