రెండో గేరు

ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడిపే ఏలియా మోటార్‌సైకిలు రెండో గేరులో నిలవడం లేదు. వేసిన కాసేపటికే న్యూట్రల్‌కు జారిపోతోంది. గోదావరిఖనిలో మెకానిక్ రాజమల్లు రెండుసార్లు ఇంజన్ విప్పి చూశాడు. గేర్ల పళ్ళన్నీ బాగానే ఉన్నాయి.

"ఇంకోసారి విప్పు బిడ్డా, నీకు దండం పెడత. దాంట్లనే ఏదో ఉంది," అన్నాడు ఏలియా.

"పాత బండికి గింత ఫికరెందుకు కాకా?"

"సమ్మె అయిపాయె. రేపు ఫస్టు షిఫ్టు ఎక్కాలె."

రాజమల్లు అతణ్ణి వెనక కూర్చోబెట్టుకుని గోదావరి బ్రిడ్జి దాకా నడిపాడు. గేరు ఒక్కసారి కూడా జారలేదు. వచ్చేటప్పుడు బండి ఏలియాకిచ్చి తాను వెనక కూర్చున్నాడు. కిలోమీటరులో మూడుసార్లు జారింది. ఎక్కడ తేడా వస్తోందో తెలియక రాజమల్లు వంగి గేరు రాడ్డు వైపు చూశాడు.

"బండి ఆపు కాకా! నీ ఎడమకాలి చెప్పు ఏది?"

ఏలియా కిందికి చూశాడు. పాదానికి చెప్పు లేదు. అదెక్కడ జారిపడిందో అతనికి తెలియనే లేదు. బొటనవేలు రాడ్డుకు ఒరుసుకుని నెత్తురు కారుతోంది.

"నొస్తలేదా?"

ఏలియా తల అడ్డంగా ఊపాడు.

"గేరు సగమే పడుతోంది కాకా. నీ కాలు తొక్కుతనే లేదు."

ఏలియా అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"దవాఖానల గూడ కాలే పనిచేస్తలేదన్నరు బిడ్డా. నువ్వన్నా బండే ఖరాబైందని చెప్పు."