చెయ్యి వదిలే పాఠం

"నా తువ్వాలు తాడు మీద ఎవరు ఆరేశారు?"

"మీరే," అంది భార్య, పుస్తకంలోంచి తలెత్తకుండా.

"నేనా? తడి తువ్వాలు మంచం మీద పడేస్తానని పెళ్ళయిన దగ్గర్నుంచీ నా ప్రాణం తోడేస్తున్నావు. ఇవాళ నేనే ఆరేశానంటావా?"

"కళ్ళారా చూశాను. దులిపి, కొసలు సరిచేసి, క్లిప్పులు కూడా పెట్టారు."

అతను వెళ్ళి చూశాడు. నిజంగానే క్లిప్పులున్నాయి. క్లిప్పుల డబ్బా ఈ ఇంట్లో ఎక్కడుంటుందో కూడా అతనికి తెలియదు.

ఏం తోచక కోపం ఇంకో దారి పట్టింది. "అది సరేగానీ, నీ ప్రాక్టికల్స్ సంగతి మర్చిపో. నెలల తరబడి అక్కడే ఉంటానంటే ఇల్లెవరు చూస్తారు, నీ పుస్తకాలా?"

ఆమె చదువుతున్న ప్రత్యేక విద్య డిగ్రీకి అది ఆఖరి సెమిస్టర్. మానసిక ఎదుగుదల తక్కువున్న పిల్లల బడిలో ఉండి, వాళ్ళకు పాఠం చెప్పి చూపిస్తేగానీ యూనివర్సిటీ పట్టా ఇవ్వదు. వస్తున్నదీ లేనిదీ రేపు పొద్దున్న ఆ బడివాళ్ళకు చెప్పేయాలి.

"ఇంత దూరం వచ్చాక మానేయమంటారా?"

"అంటాను. భోజనాల దగ్గర అమ్మ ముందే చెప్తాను. ఆ తర్వాత ఇక దాని ఊసెత్తకు."

అతను విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. వంటింటి గుమ్మంలో కూర్చుని బీన్సు తుంచుతున్న అత్తగారు ఇంకో కాయ అందుకుంది. మధ్యాహ్నం పూట కోడలు పాఠాలు పైకి చదువుతుంటే వినడం ఆవిడకు అలవాటు.

"ఊఁ, ఆపావేం? చదువు," అంది.

కోడలు ముక్కు తుడుచుకుని చదివింది. చొక్కా గుండీ పెట్టుకోవడం రాని పిల్లాడికి మొదట చేతి మీద చెయ్యి వేసి పెట్టించాలి. అలవాటు పడ్డాక మణికట్టు పట్టుకుంటే చాలు. ఆ తర్వాత మోచేతి కింద ఒక్క వేలు. చివరికి చెయ్యి వదిలేసి పక్కన నిలబడితే చాలు, వాడే పెట్టుకుంటాడు. పెట్టుకున్న ప్రతిసారీ వెంటనే వాడికిష్టమైనదేదో అందించాలి.

అత్తగారు కళ్ళు మూసుకుని వింది.

సాయంత్రం అతను తిరిగొచ్చి కాఫీ తాగాడు. కాసేపటికి చూసుకుంటే సింకు ముందు నిలబడి ఉన్నాడు. చేతులు తడిగా ఉన్నాయి. కప్పు కడిగి, బోర్లించి ఉంది. పక్కనే నిలబడ్డ తల్లి బిస్కట్టు అందించింది. అందుకుని నోట్లో వేసుకున్నాడు.

"అమ్మా, ఈ చేతులు నావి కావేమో అనిపిస్తోందే."

"నీవి కాకపోతే పక్కింటాయనవా? వేళకి తిండి ఉండదు, నిద్ర ఉండదు. పిచ్చి ఊహలు!"

అతను గబగబా భార్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పు. ఆ పుస్తకంలోవి నా మీద ప్రయోగిస్తున్నావు కదూ?"

"బాగుంది! మనం పోట్లాడుకోకుండా పక్కపక్కన కూర్చుని ఎన్నాళ్ళయిందో గుర్తుందా మీకు? మీ మీద ప్రయోగం చెయ్యడానికి నాకు సందేది?"

నవ్వుతూనే అంది గానీ, అతని మొహం చూస్తే ఆమెకూ భయం వేసింది. పాలిపోయి ఉంది.

భోజనాలకు కూర్చున్నారు. మధ్యలో అత్తగారు, చెరోవైపున వాళ్ళిద్దరూ. సగం తిన్నాక అతను గొంతు సవరించుకున్నాడు.

"నేనో నిర్ణయానికొచ్చాను."

భార్య చేతిలో ముద్ద ఆగిపోయింది. మానేయమనడానికి అతను నోరు తెరిచాడు.

"నువ్వు వెళ్ళు. వస్తున్నానని పొద్దున్నే చెప్పెయ్. ఇల్లు నేను చూసుకుంటాను."

ఆ మాట అన్నదెవరా అని అతనే చుట్టూ చూశాడు.

ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏదో చెప్పాలని అటు తిరిగింది. అప్పుడు కనిపించింది. అతని మోచేతి కింద అత్తగారి చూపుడువేలు.

ఆవిడ మెల్లగా వేలు తీసేసి, కొడుకు పళ్ళెంలో గరిటెడు వేపుడు వేసింది.

"అత్తయ్యా, మీరా..." అనబోయి కోడలు ఆగిపోయింది. ఎప్పుడు లేచిందో, తను లేచి నిలబడి ఉంది. చేతిలో అత్తగారి గ్లాసు, దాని నిండా నీళ్ళు. ఆవిడ అడగనే లేదు.

అత్తగారు గ్లాసు అందుకుని, కోడలి పళ్ళెంలోనూ గరిటెడు వేపుడు వేసింది.